నాలుగో సర్వర్

గనిలో చనిపోయిన మగవాళ్ల గొంతులను కంపెనీ పోర్టల్లో పెట్టింది. దానికి నాలుగు సర్వర్లు. ఫోను చేస్తే ఏది ఖాళీగా ఉంటే అది పలుకుతుంది. మూడింటిలో యాసను తీసేసి, మాటను శుభ్రం చేశారు. వాటిలో ఏ మొగుడైనా "నమస్కారం, చెప్పండి" అనే అంటాడు. పాత మాట నాలుగోదాంట్లోనే మిగిలింది. రేపు దాన్నీ శుభ్రం చేస్తారు.

ఆర్నెల్లుగా సారక్కకు నాలుగోది దొరకలేదు.

"ఇరవై ఏండ్లు కాపురం జేసినోడు నన్ను మీరంటడా?" అని ఆఫీసులో కొట్లాడింది.

"అన్నీ ఒకటేనమ్మా" అన్నారు. పచ్చి అబద్ధం.

ఇవాళ వాడకట్టు ఆడవాళ్లంతా ఒకేసారి ఫోన్లు కలిపి, "నమస్కారం" పలికిన లైన్లను వదలకుండా, ఆ మూడు సర్వర్లను వాగుడుతో నింపేశారు. రాజవ్వ తన మొగుడి మర్యాద గొంతుకు బీరకాయ పులుసు ఎట్లా వండాలో చెబుతోంది.

"జెయ్యవే సారక్కా, జల్ది!"

నాలుగోది పలికింది. ఆమె మొగుడు ఓదెలు గొంతు.

"ఏమే, బువ్వ తిన్నవా?"

"తిన్న" అంది సారక్క. ఇంకొక్క మాట కోసం ప్రాణం కొట్టుకుంది. అయినా పెట్టేసింది. రాజవ్వ చేతిలోని ఫోను గుంజుకుని, తన ఫోను ఆమెకిచ్చింది.

"నీ లైను నేను పట్టుకుంట. నువ్వు జెయ్యి."