డ్రైవ్‌కు క్షమాపణ

చర్లపల్లిలో రాజమల్లు, స్వరూప దంపతులు తమ షెడ్డులోని ఇనుమును కోసే పాత మిల్లింగ్ మిషన్‌కు సర్వో మోటార్లు బిగించారు. ఆ కాలానికి మోటార్లను నడిపే డబ్బాల్లాంటి డ్రైవ్‌లన్నీ మనుషుల్లాగే మాట్లాడుతున్నాయి, అలుగుతున్నాయి కూడా.

ఆ రోజు వాళ్ళ అపార్ట్‌మెంట్ లిఫ్టులో పళ్ళచక్రం విరిగి, రాజమల్లు తల్లి మల్లవ్వ లోపల ఇరుక్కుంది. కొత్త చక్రం కోయడానికి ఈ మిషనే దిక్కు.

మీట నొక్కగానే డ్రైవ్ మూలిగింది. "నన్నెవరో గట్టిగ పట్టుకున్నరు, కదల్లేకపోతున్న."

"పనిదొంగా! నా దగ్గర్నా నీ నకరాలు?" అని రాజమల్లు తిట్టాడు. డ్రైవ్ అలిగి నోరు మూసుకుంది.

స్వరూప మోటారును మిషన్ నుంచి విడదీసి, ఇరుసును చేత్తో తిప్పి చూసింది. అప్పుడూ తిరగలేదు.

"మోటారు బ్రేకు వదలాలంటే దానికి కరెంటు వైరు కలపాలె గద! నువ్ కలపనే కలపలే. పాపం, ఆ డ్రైవ్ నిజమే చెప్పింది."

వైరు కలిపి, మోటారు మళ్ళీ బిగించినా డ్రైవ్ దాన్ని తిప్పలేదు. "ముందు తప్పయిందనాలె," అంది.

పుట్టి బుద్ధెరిగాక రాజమల్లు ఎవరితోనూ ఆ మాట అనలేదు. కానీ ఫోన్లో లిఫ్టులోంచి తల్లి అరుపులు ఆగడం లేదు. పళ్ళు నూరుకుంటూ, "తప్పయింది, మన్నించు," అన్నాడు. మోటారు గిర్రున తిరిగింది. ఆ మాట ఫోన్లో మల్లవ్వ చెవినా పడింది.

చక్రం కోసి బిగించాక లిఫ్టు దిగిన మల్లవ్వ కొడుకు వైపు చూడనైనా లేదు. నేరుగా కోడలి దగ్గరికెళ్ళి గుసగుసగా అంది.

"పిల్లా, అసొంటి డబ్బా ఒకటి మనింట్ల గూడ పెట్టుకుందామే."