సాన పట్టిన చెయ్యి

"వాణ్ణి నోరు తెరవనివ్వకు. ముందు గొంతు మీద వెయ్యి."

అమ్మ పొద్దుటి నుంచీ ఇదే మాట. కాలితో చక్రం తొక్కుతోంది. కత్తి రాయి మీద కీచుమంటోంది, నిప్పురవ్వలు గచ్చు మీద రాలుతున్నాయి. ఎదురుగా ముక్కాలి పీట మీద కొడుకు. చేతిలో టీ ఎప్పుడో చల్లారిపోయింది.

నాన్నని చంపినవాడు ఇవాళ జైలు నుంచి బయటికొస్తున్నాడు.

వాడు పరాయివాడేం కాదు, ఈ సాన కొట్లో నాన్నకి భాగస్తుడు. కొడుకు ఉయ్యాల్లో ఉన్నప్పుడు, ఇదే గదిలో, నాన్న శవం పక్కన నెత్తుటి చేతులతో దొరికాడు. నేను కాదు మొర్రో అని ఎంత మొత్తుకున్నా కోర్టు వినలేదు. అమ్మ సాక్ష్యంతో యావజ్జీవం పడింది.

ఆ తర్వాత కొట్టు అమ్మ చేతికొచ్చింది. ఆడమనిషికి ఈ పనేం వస్తుందని నవ్వినవాళ్ళే ఇప్పుడు వరసలో నిలబడుతున్నారు. దర్జీల కత్తెరలు, క్షవరం కత్తులు, వంటింటి చాకులు, ఏదిచ్చినా వెంట్రుక తెగేలా చేసి ఇస్తుంది. నాలుకకీ అంతే పదును. బేరమాడబోతే మనిషిని నిలువునా కోసేస్తుంది.

ఇక కొడుకంటారా, పుట్టుకతో మెత్తని మనిషి. చీమ కనబడితే పక్కకి తప్పుకునే రకం. అలాంటివాడికి ఉగ్గుపాలతోనే పగ నూరిపోసింది మహాతల్లి. చక్రం ఆగితే ఆ మాటలు మొదలు, మాటలు ఆగితే చక్రం మొదలు. చివరికి ఆ భాగస్తుడి ఊసెత్తితే చాలు, ఆ మెత్తనివాడు కూడా పళ్ళు నూరడం నేర్చుకున్నాడు.

పోయిన నెల జైలు నుంచి కబురొచ్చింది. బయటికి రాగానే అబ్బాయితో ఒక్క మాట మాట్లాడాలట. అది విన్నాక అమ్మకి తిండీ నిద్రా లేవు. నువ్వసలే మెత్తనివాడివి, ఏడ్చి కాళ్ళు పట్టుకుని కరిగించేస్తాడని నెత్తీ నోరూ కొట్టుకుంది. మాట్లాడనిచ్చావో, నా కడుపున పుట్టనట్టేనంది.

చక్రం ఆగింది. ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కున్న వేలితో అంచు చూసుకుని, కత్తి కొడుకు చేతిలో పెట్టింది.

జైలు గేటుకి ఎదురుగా బస్టాపు. గుడ్డసంచి పట్టుకుని ఒక ముసలాయన బయటికొచ్చాడు. ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని చుట్టూ చూశాడు. కొడుకు కనబడగానే మొహం విప్పారింది. నాన్న పోలిక కాబోలు, గుర్తుపట్టేశాడు. రెండు చేతులూ చాపుకుంటూ దగ్గరికొచ్చాడు.

"బాబూ, ఒక్క మాట..."

కత్తి గొంతులో దిగింది. అంత తేలిగ్గా దిగుతుందని అతను అనుకోలేదు. వేడి నెత్తురు మొహాన చిమ్మింది. ముసలాయన అతని చొక్కా పట్టుకుని వేలాడాడు. పెదవులు ఇంకా ఏదో చెబుతున్నాయి, గొంతు మాత్రం గురగురమంటోంది. కొడుక్కి వెర్రెత్తినట్టయింది. కడుపులో ఇంకో పోటు, మరో పోటు. ఎవరో కేకలు పెడుతున్నారు. ఆ వేళ్ళు విడిపించుకుని, సందుల్లో పడి పరిగెత్తాడు.

అమ్మ అతన్ని లోపలికి లాగి గడియ వేసింది. దెబ్బ తగిలిందా అనలేదు, ఎవరైనా చూశారా అనలేదు.

"ఏమైనా అన్నాడా?"

"ఒక్క మాట అన్నాడు. ఆ మాటేంటో చెప్పనివ్వలేదు."

అమ్మ గోడకి జారగిలబడింది. ఆవిడ ఒంట్లో బిగువు సడలడం అతను బుద్ధెరిగాక ఇదే చూడటం. అతను మాత్రం మనిషిని చంపేశాను, చంపేశానంటూ చంటిపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ ముసలాయన ప్రాణం పోతూ ఎంత నరకం చూసిందోనని తల బాదుకున్నాడు.

అమ్మ అతని తల ఒళ్ళో పెట్టుకుంది. మొహం మీది నెత్తురు తడిగుడ్డతో తుడిచింది. ఇన్నేళ్ళ అలసటా ఒక్కసారే మీద పడ్డట్టు కళ్ళు మూసుకుని, జోకొడుతూ మెల్లగా అంది:

"ఊరుకోరా, ఈ పదునుకి నొప్పి కూడా తెలిసుండదు, మీ నాన్నని పొడిచేనాటికి నాకింకా సాన పట్టడం చేతకాదు, పాపం తెల్లారేదాకా కొట్టుకున్నాడు."