ఎర్రదీపం వెలిగినా

బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథల ఆటలో ఎవరికైనా గుండెదడ పెరిగితే చేతిపట్టీ ఎర్రగా వెలుగుతుంది. కథ నడిపేవాడు వెంటనే ఆ ఘట్టం దాటేయాలి. ఇప్పుడు అన్ని ఇళ్లలోనూ అదే పద్ధతి.

కాకినాడలో సుభాషిణి ఆడుతున్న పాత్ర, వరద ముంచిన ఇంటి తలుపు దగ్గరికి చేరగానే పట్టీ వెలిగింది. ఇది మూడోసారి. ఆమె కూర్చోలేక లేచి అటూ ఇటూ తిరిగింది. నిరుడు వరదలో ఆమె తల్లి ఒంటరిగా చనిపోయింది.

"దాటేస్తున్నానమ్మా," అన్నాడు కథ నడిపే బషీర్.

"వద్దు బషీర్ భాయ్. భయంగానే ఉంది. కానీ ఆపాలో వద్దో నన్నడగండి," అంటూ పట్టీ విప్పేసింది.

"చాలన్న చోట ఆపేస్తాను. సరేనా?"

"సరే. తలుపు తోశాను."

లోపల మంచం మీద ఒక ముసలామె ఉందని, ఊపిరి లేదని అతను మెల్లగా చెప్పాడు.

"ఆపమంటావా?"

"ఆపకండి. కాసేపు ఆమె పక్కన కూర్చుంటాను."