వెనక్కి వచ్చిన గోళీ

బౌరంపేట్‌లో పునాది తవ్వుతుంటే దొరికిన గాజుగోళీని ఆ రాత్రి గిడియోన్ భూతద్దం కింద పెట్టి చూశాడు. గాజుకడ్డీ నుంచి గోళీని కోసినచోట మిగిలే గరుకు మచ్చ కనిపించింది. మెషిన్‌ది కాదు, చేత్తో చేసిన పాతకాలపుదే! ఆ సంబరంలో గోళీ చేజారి, చీకటిగా ఉన్న పక్కగదిలోకి దొర్లిపోయింది.

అక్కడ కింద పరుపు మీద అతని భార్య కెజియా ఉంది. యాక్సిడెంటైన నాటినుంచి ఆమెకు మాట లేదు, చెయ్యి కదలదు.

చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది. గోళీ మెల్లగా వెనక్కి వచ్చి అతని కాలికి తగిలింది. తీస్తే, ఎవరో గుప్పిట్లో పట్టుకున్నట్టు వెచ్చగా ఉంది.

గిడియోన్ గుమ్మం దగ్గరకు వెళ్లాడు. "కెజియా, నువ్వేనా?"

లైటు వేస్తే ఆ కాస్త ఆశా పోతుందేమోనని చీకట్లోనే మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఇంకోసారి ఇడుస్తున్న. పట్టుకో."

గోళీ దొర్లుతూ పోయింది. గోడకు తగల్లేదు. మధ్యలోనే, మెత్తగా ఆగింది.