ముందు టీ, తర్వాతే మాట

“మీ ఆయన లేరా అక్కా?” గేటు దగ్గర బూట్ల బురద దులుపుకుంటూ అడిగింది వచ్చినావిడ.

“చేనుకెళ్లాడు. ఆయనతో పనేముంది తల్లీ, ఇది మా ఆడవాళ్ల వ్యవహారం!” అంటూ ఉర్కుయా ఆమెను చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది.

మంచు పడేలోగా పైకప్పు బాగుపడకపోతే బాలబడికి తాళం వేస్తానన్నాడు ఊరిపెద్ద. ఉర్కుయా ఆడవాళ్లను పోగేసి సంఘం పెట్టింది. ఇలాంటి సంఘాలకు దారి చూపించే సహాయ కేంద్రం ఒకటి జిల్లా పట్నంలో ఉంది. తీర్మానం ఎలా రాయాలో నేర్పింది వాళ్లే. “మంగళవారం మా మనిషి వస్తుంది. ముందు మీ దగ్గర ఏముందో అడుగుతుంది” అని ఫోన్‌లో చెప్పారు. ఇవాళ మంగళవారం.

“అక్కా, నేనొచ్చిన పని...”

“ముందు టీ!” ఉర్కుయా గిన్నెలో సగానికే పోసింది. నిండా పోస్తే ఇక వెళ్లిపొమ్మన్నట్టు. “గడప తొక్కిన మనిషిని తినకముందే ఏం పనని అడిగితే, మా అత్త గోరీలోంచి లేచొచ్చి తంతుంది.”

పక్కనే కూర్చున్న తోటికోడలు కలిపా, ఉర్కుయా చెవిలో గుసగుసలాడింది. “సంచిలో తాడు చూశావా? కప్పు కొలవడానికే! పనిమంతురాలే.”

నూనెలో వేయించిన పిండిముక్క బోర్సోక్ నాలుగోది నములుతూ అతిథి కిటికీలోంచి, గేటుకు కట్టేసిన నల్ల పొట్టేలు వైపు చూసింది.

“బడి అటు కాదు తల్లీ, ఇటు!” ఉర్కుయా ఆమె భుజం పట్టి తిప్పింది. కారే కప్పుతో మొదలుపెట్టి గోడల పగుళ్ల దాకా చెప్పుకుపోయింది.

పాపం, వినీ వినీ అతిథే అడిగింది. “ఇంతకీ రేకులున్నాయా?”

“మా మరిది దొడ్లో ముప్ఫై పడున్నాయి,” అంది ఉర్కుయా.

“దూలాలు?”

“కూలిపోయిన పాలకేంద్రానివి ఉన్నాయి.”

“మరి పైకెక్కేదెవరు?”

“మా ఆయన!” అంది కలిపా. “ఎక్కాక నిచ్చెన తీసేస్తా. పనయ్యేదాకా ఎలా దిగుతాడో చూస్తా!”

ముగ్గురూ పడీపడీ నవ్వారు. కేంద్రం నేర్పినట్టే అన్నీ పుస్తకంలో రాసుకుంటున్న ఉర్కుయా కలం హఠాత్తుగా ఆగింది.

“ఏమే కలిపా, మనకన్నీ ఉన్నాయే! శనివారం ఊరంతా ఓ చెయ్యి వేస్తే సాయంత్రానికి కప్పు లేస్తుంది.”

“కేంద్రం వాళ్ల బుర్రే బుర్ర!” అంది కలిపా. “అడిగి అడిగి మన నోటితోనే చెప్పించింది చూడు.”

ఉర్కుయా కళ్లు తుడుచుకుని పుస్తకం అతిథి ముందుకు జరిపింది. “ఇక్కడో సంతకం పెట్టు తల్లీ.”

“పెడతానక్కా. శనివారం రేకులు మొయ్యడానికీ వస్తా.” అతిథి చేతులు తుడుచుకుని, సంచిలోంచి తాడు తీసింది.

“కొలుస్తావా? నిచ్చెన వేయించనా?”

“వద్దక్కా, ఇది మీ ఆయన నాకు అమ్ముతానన్న పొట్టేలుకి.”