రెండు సాళ్లు

“పరశురాములు కాకా వచ్చిండా? వస్తే జర ముంగటికి రావాలె.”

మసీదు ముందు తండ్రి బురాన్ సాబ్ శవం ఉన్న జనాజాను దించి, నమాజుకు వరుసలు కట్టేముందు ఫయాజ్ అడిగిన మాట అది. గేటు బయట వేపచెట్టు నీడలో, చేతిరుమాలు తలకు కట్టుకొని నిలబడ్డ పరశురాములు ఒక అడుగు చెట్టు వెనక్కి జరిగాడు.

అంతకుముందే ఇమాం సాబ్ అందరికీ చెప్పాడు. పోయినవాడు నమాజులు ఎగ్గొట్టి ఉంటే అది అతనికీ అల్లాకూ మధ్య సంగతి. సాటిమనిషికి చేసిన తప్పు మాత్రం ఆ మనిషి మాఫ్ చేస్తేనే అల్లా మాఫ్ చేస్తాడు. కనుక బురాన్ సాబ్ మీద ఎవరికేమున్నా మన్ను చేయకముందే చెప్పుకోవాలన్నాడు. ఆయన చెబుతున్నంతసేపూ పరశురాములు తన చెప్పుల వైపే చూస్తూ ఉన్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే మనిషికి ఎక్కడికని చూడాలో తెలియదు మరి.

నాలుగేళ్ల కింద ఇద్దరి చేన్ల మధ్య హద్దురాయిని పెకిలించి, బురాన్ సాబ్ వైపు రెండు సాళ్లు లోపలికి పాతింది అతనే. రంజాన్ నెల, మిట్టమధ్యాహ్నం, చుట్టుపక్కల మనిషి జాడ లేదు. పిల్లి కళ్లు మూసుకొని పాలు తాగినట్టే తాగాడు. పండుగ అయ్యాక బురాన్ సాబ్ చాయ్ హోటల్లో తనను హద్దురాయి దొంగన్నాడని తెలిసి, వాళ్ల ఇంటి మీదికి పోయి వాడ వాడంతా వినేలా అరిచాడు. చూసినవాడుంటే తెమ్మన్నాడు. బురాన్ సాబ్ తల దించుకొని ఊరుకున్నాడు. ఊరు పరశురాములునే నమ్మింది.

జనం దారి ఇచ్చారు. పరశురాములు ముందుకు నడిచాడు. కొడుకు ఇప్పుడు నలుగురిలో నిలదీస్తాడనుకున్నాడు. తెల్లగుడ్డ కప్పిన ఆ మనిషి ముందు అబద్ధం మాత్రం ఆడలేననుకున్నాడు.

ఫయాజ్ రెండు చేతులు జోడించాడు.

“కాకా, పానం పొయ్యేముందు అబ్బాజాన్ నీ పేరే తీసిండు. హోటల్ కాడ నలుగుర్ల పరశురాములును దొంగన్న, గది నా మెడకు చుట్టుకుంటది, ఎట్లన్న మాఫీ అడుగు అన్నడు. నువ్వు మాఫ్ చేసిన అంటెనే నమాజు కడతం.”

పోయిన ప్రాణం లేచివచ్చింది పరశురాములుకు. వెనకాలే సిగ్గు కూడా వచ్చింది. రాయి నేనే జరిపిన అన్న మాట నోటిదాకా వచ్చి ఆగింది. ఒక పక్క వియ్యంకుడు హనుమంతు నిలబడి ఉన్నాడు. ఇంకో పక్క ఊరు ఊరే ఉంది.

“నేను రాయి ముట్టలే బిడ్డా,” అన్నాడు. “అయినా మనిషి అన్నంక నోరు జారుతది. మాఫ్ చేసిన.”

పెద్ద మనసని నలుగురూ అన్నారు. హనుమంతు భుజం తట్టాడు. వియ్యంకుడి చెయ్యి అంత బరువుంటుందని పరశురాములుకు ఆ రోజే తెలిసింది.

ఖబ్రస్తాన్‌లో అందరితోపాటు అతన్నీ మూడు పిడికిళ్ల మన్ను వేయమన్నారు. వంగి మన్ను తీసుకున్నాడు. చేన్లో పని ఆపి చుట్ట కాల్చుకునేటప్పుడు బురాన్ సాబ్ ఒక మాట చెబుతుండేవాడు. జానెడు భూమి అన్యాయంగా కలుపుకున్నవాడి మెడకు ఖయామత్ తీర్పునాడు ఏడు భూములు చుడతారట. అప్పుడు పరశురాములు నవ్వేవాడు. ఏడు భూములైతే పట్టా ఎవరి పేరు మీద చేస్తరని వేళాకోళం కూడా ఆడాడు. ఇప్పుడు రెండు పిడికిళ్లు వేసేసరికే ఆ మాట గుర్తుకొచ్చింది. మూడోది వేయలేక, గుప్పిట మూసుకొని అట్లాగే వెనక్కి జరిగాడు.

మన్ను చేసి మళ్లిపోయేవాళ్ల అడుగుల చప్పుడు లోపలి మనిషికి వినిపిస్తుందని, అది వింటుండగానే ప్రశ్నలడిగే దేవదూతలు వస్తారని ఇమాం సాబ్ ఎవరికో చెబుతున్నాడు. పరశురాములు చెప్పులు విడిచి చేత పట్టుకున్నాడు. ఎండకు కాలిన నేల మీద వట్టి కాళ్లతో, చప్పుడు కాకుండా నడిచాడు.

గేటు దగ్గర ఫయాజ్ వచ్చి కలిశాడు. ఏదో ఒకటి అనకపోతే నిలబడలేననిపించింది పరశురాములుకు.

“మీ అబ్బాజాన్ మంచోడే బిడ్డా. చూడని మాట అన్నడు గంతే.”

“చూసిండు కాకా,” అన్నాడు ఫయాజ్ మెల్లగా. “గా దినం రోజా ఉపాసం ఉండి చేన్ల మోదుగుచెట్టు కింద పండుకున్నడట. రోజా ఉండి కొట్లాడొద్దని లేవలే. కండ్లార చూసిందైనా సరే, మనిషి లేని కాడ చెప్తే తప్పే అన్నడు. గందుకే మాఫీ అడగమన్నడు.”

దొంగకు తేలు కుట్టినట్టు నిలబడిపోయాడు పరశురాములు. గుప్పిట్లోని మన్ను వేళ్ల సందుల్లోంచి పాదాల మీద రాలింది. సిగ్గుతో చచ్చిపోతే బాగుండుననిపించింది. చచ్చినా పైన ఆ మనిషికే మొహం చూపించాలి కదా అని కూడా అనిపించింది. రేపే మనుషుల్ని పిలిచి ఆ రాయి పాత చోటనే పాతిస్తానన్నాడు.

ఫయాజ్ వద్దన్నట్టు తల ఊపి, జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి అతని చేతిలో పెట్టాడు.

“పాతియ్యద్దు కాకా. ఏడు భూములు పరశురాములు మొయ్యలేడు పాపం అని, గా రెండు సాళ్లు నీకే ఇచ్చినట్టు అబ్బాజాన్ నిన్న పొద్దుగాల ఏలుముద్ర ఏసిండు.”