తాటాకు పొగ

నీళ్లు కలిపిన డీజిల్ వచ్చాక సముద్రం మీద పొగన్నదే లేకుండా పోయింది. పాలలా తెల్లగా ఉంటుందని పూడిమడకలో అందరూ దాన్ని పాలడీజిల్ అనేవారు. పడవల ఇంజన్లకే కాదు, ఇళ్లలో పొయ్యిలకూ అదే. తక్కువ ఖర్చవుతుంది, మసి పట్టదు. కాసులమ్మకు మాత్రం అది కంట్లో నలుసయింది.

అంతకుముందు ఆమె ఇసుకదిబ్బ ఎక్కితే చాలు, ఎంత దూరాన ఉన్నా మొగుడు ఎర్రయ్య పడవను పోల్చుకునేది. దగ్గుతున్నట్టు తెగి తెగి లేచే నల్లపొగ ఆ ఒక్క పడవదే. అప్పుడు ఎసట్లో బియ్యం పోస్తే, అతను గడపలో కాలు పెట్టేసరికి వేడన్నం సిద్ధంగా ఉండేది. ఇప్పుడు పడవల జాడ చూపే ఫోన్‌లో యాభై పడవలూ యాభై చుక్కలు. పక్కన పేర్లున్నా, చదువురాని ఆమెకు అన్నీ ఒకటే. ఆ రోజూ ఏదో చుక్కను నమ్మి తొందరపడి వండేసింది.

"సల్లారిపోనాదయ్యా," అంది కంచం ముందు పెట్టి. "నీ పొగ అవుపడితేనే గదా, నువ్వొస్తన్నట్టు నాకు తెలిసీది."

ఎర్రయ్య ముద్ద కలిపాడు.

"నీకు నా పొగ. మరి నాకో?" అన్నాడు. "మన పెరట్లో తాటాకు పొగ సూసే గదే నేను పడవ తిప్పీవోణ్ణి. నాలుగేళ్లయిపోనాది, ఒడ్డంతా ఒక్కలాగే అవుపడతంది."

మర్నాడు పొద్దు వాలుతుండగా కాసులమ్మ పెరట్లో మూలపడ్డ మూడు రాళ్లూ తెచ్చి పేర్చింది. ఎండిన తాటాకులు దోపి నిప్పంటించింది. పొగ కళ్లల్లోకి కొడుతున్నా పక్కకు జరగకుండా, సముద్రం వైపే చూస్తూ కూర్చుంది.

పొయ్యి మీద గిన్నె పెట్టలేదు.